వారపు సెలవు – ఇంటివారి హక్కు

సమస్త ప్రశంసలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన పగటిని జీవనోపాధికీ, రాత్రిని విశ్రాంతికీ అనువుగా చేశాడు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స)పై, వారి కుటుంబంపై, వారి సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



మన బొగ్గుగనుల ప్రాంతంలో వారపు సెలవుకు ఒక పేరుంది. ‘ప్లే డే’ అంటాము. ఆటల రోజు అని ఆ మాటకు అర్థం. గోదావరిఖనిలో, ఎనిమిదో ఇంక్లయిన్ కాలనీలో, సెంటినరీ కాలనీలో ఏ కార్మికుని ఇంట్లోనైనా ఈ మాట తెలియని పిల్లవాడు ఉండడు. అయితే పిల్లలకు తెలిసిన అర్థం వేరు. “ఆదివారం మీ అబ్బా ఇంట్లో ఉంటారా?” అని అడిగి చూడండి. “లేదు, అబ్బాకు ప్లే డే దొరికింది” అని జవాబిస్తారు. అంటే ఆ రోజు కూడా అబ్బా డ్యూటీకి వెళ్తారని, ఆ మస్టరుకు రెట్టింపు వేతనం వస్తుందని అర్థం. ఆటల పేరు పెట్టుకున్న రోజు మన ఇళ్లలో అదనపు పనిరోజుగా మారిపోయింది.

కొంతకాలం క్రితం ఒక పెద్దమనిషి అసర్ నమాజు తరువాత మా దగ్గర కూర్చున్నారు. ఉద్యోగ విరమణ చేసి అప్పటికి ఏడాది కాలేదు. ఆయన ఇలా అన్నారు: “మౌలానా, నా సర్వీసులో చేతికి అందిన ఒక్క ప్లే డే కూడా వదల్లేదు. ఇల్లు కట్టిన. ఇద్దరు కొడుకులను చదివించిన. బిడ్డ పెళ్లి చేసిన. ఇప్పుడు నాకు రోజూ సెలవే. కొడుకులు ఫోన్ చేస్తే వాళ్ల అమ్మీతోనే గంటసేపు మాట్లాడతరు. నా చేతికిస్తే ‘అబ్బా, ఆరోగ్యం మంచిగున్నదా? మందులు వేసుకుంటున్నరా?’ అని రెండు మాటలు. మూడో మాట వాళ్లకూ దొరకదు, నాకూ దొరకదు. నేను హరామ్ సంపాదించలేదు కదా, నా తప్పేమిటి?”

మేము ఆయనకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆయన పడిన కష్టం చిన్నది కాదు. పిల్లల కోసం చెమటోడ్చిన తండ్రి శ్రమ అల్లాహ్ దగ్గర వృథా కాదు. అయినా ఆయన గుండెలోని బరువు అబద్ధం కాదు. ఆలోచించగా మాకు మరొకటి తోచింది. మేము ఎన్నో జుమాలలో హలాల్ సంపాదన గురించి బోధించాము, వృథా కాలక్షేపం గురించి హెచ్చరించాము. సెలవునాడు భార్యాబిడ్డలతో కాసేపు ఉల్లాసంగా గడపడం కూడా ధర్మంలో భాగమేనని చెప్పింది చాలా తక్కువ. ఆ లోటు మాది. నేటి ప్రసంగం ఆ పెద్దమనిషి ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఎవరి హక్కు వారికి

బుఖారీ గ్రంథంలో ఒక వృత్తాంతం ఉంది. దైవప్రవక్త (స) హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల మధ్య సోదర బంధం ఏర్పరచారు. ఒకరోజు సల్మాన్ (రజి) తన సోదరుని ఇంటికి వెళ్లారు. అబూ దర్దా (రజి) భార్య ఏ అలంకరణా లేకుండా, నలిగిన బట్టలతో కనిపించారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పని లేదని ఆమె చెప్పారు. ఆయన పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. సల్మాన్ (రజి) ఆయనతో భోజనం చేయించారు. రాత్రి మొదటి భాగంలో నిద్రపొమ్మన్నారు. చివరి భాగంలో లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. అప్పుడు ఆయనకు వివరించారు: ప్రభువుకు నీపై హక్కుంది, నీ శరీరానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది, ఎవరి హక్కు వారికి చెల్లించమని. ఈ సంగతి ప్రవక్త (స)కు చేరినప్పుడు, సల్మాన్ చెప్పింది నిజమేనని సమర్థించారు.

సోదరులారా, ఈ వృత్తాంతాన్ని జాగ్రత్తగా గమనించండి. అబూ దర్దా (రజి) తన ఇంటివారి సమయాన్ని వెచ్చించింది పేకాటకు కాదు, ఆరాధనకు. ఆరాధన కోసమే అయినా ఇంటివారి హక్కును పూర్తిగా పక్కన పెట్టడం సరికాదని సహచరులు నేర్చుకున్నారు. మరి అదనపు మస్టరు కోసం, అవసరం లేకపోయినా, ఏడాదిలోని యాభై రెండు ఆదివారాలనూ ఇచ్చేస్తే మనం ఏమని సమాధానం చెప్పగలం?

హక్కు అనే మాటకు ఇక్కడ బరువుంది. ఇంటివారితో గడపడం మనం దయతలచి ఇచ్చే బహుమానం కాదు. అది మనపై ఉన్న బాకీ. డబ్బు బాకీ తరువాతైనా తీర్చవచ్చు. ఏడేళ్ల పిల్లవానికి ఇవ్వవలసిన ఆదివారాన్ని వానికి ఇరవై ఏడేళ్లు వచ్చాక తీర్చలేము.

సెలవు ఊరికే రాలేదు

ఇస్లాంలో పని చేయకూడని వారపు దినమంటూ లేదు. జుమా పిలుపు వినగానే వ్యాపారం విడిచి రమ్మని ఆదేశించిన దివ్య ఖుర్ఆనే, నమాజు ముగిశాక భూమిపై విస్తరించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమని చెప్పింది. కనుక ఆదివారం మనకు పండుగ కాదు. అయినా అది శ్రామికులు పోరాడి సాధించుకున్న ఉపశమనం. బొంబాయి నూలు మిల్లులలో కార్మికులు వారమంతా పనిచేసేవారు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో వారు ఏళ్ల తరబడి అడిగిన తరువాత 1890లో యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు. స్వాతంత్ర్యం తరువాత వచ్చిన 1952 గనుల చట్టం, 28వ సెక్షన్‌లో, ఏ మనిషి చేతా వారానికి ఆరు రోజులకు మించి గనిలో పని చేయించరాదని నిర్దేశించింది. తప్పనిసరిగా ఆ రోజున పని చేయించవలసి వస్తే, బదులుగా మరొక విశ్రాంతి దినం ఇవ్వాలని తరువాతి సెక్షన్ చెప్పింది.

గనిలో కొన్ని పనులు ఆగవు. నీటిని తోడే పంపులు ఆగితే గని మునుగుతుంది. గాలిని పంపే ఫ్యాన్లు ఆగితే ప్రమాదకర వాయువులు పేరుకుంటాయి. యంత్రాల మరమ్మతులు కూడా బొగ్గు తీత ఆగినప్పుడే వీలవుతాయి. ఆ విధులకు వెళ్లే సోదరులు ఇతరుల ప్రాణాలను కాపాడుతున్నారు. వారికి అల్లాహ్ ప్రతిఫలం ఇస్తాడు. అప్పుల్లో ఉన్నవారు, ఆసుపత్రి ఖర్చు నెత్తిన పడ్డవారు, అదనపు పని చేయక తప్పని కాంట్రాక్టు కార్మికులు కూడా నిందార్హులు కారు. మా మాట వారికి కాదు. అవసరం తీరినా అలవాటు తీరని వారికి, ఇంట్లో ఉన్నా రోజంతా నిద్రలోనో ఫోన్‌లోనో ఉండిపోయే వారికి మేము ఈ మాట చెబుతున్నాము. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. తీరికను నమ్ముకోవచ్చు, అమ్ముకోవచ్చు, పారేసుకోవచ్చు. దేనికి వెచ్చించామో లెక్క మాత్రం చెప్పవలసి ఉంటుంది.

దైవప్రవక్త (స) తీరిక వేళలు

దైవప్రవక్త (స)పై ఉన్న బాధ్యత మనలో ఎవరిపైనా లేదు. రాజ్యం, యుద్ధం, బోధన, న్యాయం అన్నీ ఆయన భుజాలపైనే ఉండేవి. అయినా ఆయన జీవితంలో ఉల్లాసానికి చోటుంది. మదీనా మసీదుకు ఎదురుగా హజ్రత్ అబూ తల్హా (రజి)కి బైరుహా అనే ఖర్జూర తోట ఉండేది. ప్రవక్త (స) ఆ తోటలోకి వెళ్లి అక్కడి తీయని నీరు తాగేవారు. ప్రతి శనివారం కాలినడకనో, వాహనంపైనో ఖుబా మసీదుకు వెళ్లి నమాజు చేసేవారు. వారానికొకసారి ఊరి అంచు దాకా వెళ్లివచ్చే అలవాటు మన ప్రవక్త సంప్రదాయంలోనే ఉందన్నమాట. వర్షపు నీరు పారే వాగుల వైపు కూడా ఆయన వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు.

ప్రయాణంలో ఆయన హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మొదట ఆమె గెలిచారు. కొన్నేళ్ల తరువాత మళ్లీ పందెం వేస్తే ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులని చమత్కరించారు. పండుగనాడు హబషీలు మసీదు ఆవరణలో బల్లెములతో విన్యాసాలు చేస్తుంటే, హజ్రత్ ఆయిషా (రజి) చూసి తనివితీరే వరకు ఆయన అడ్డుగా నిలబడ్డారు. అస్లమ్ తెగ యువకులు బాణాల పోటీ ఆడుతుండగా ఒక పక్షంతో తానున్నానన్నారు. ఆ మాట విని రెండవ పక్షం చేతులు ఆపేసింది. అప్పుడు తాను అందరి పక్షమూ అని చెప్పి ఆటను కొనసాగించారు. అబూ ఉమైర్ అనే చిన్న పిల్లవాడు పెంచుకున్న పిట్ట చనిపోతే, ఆ పిట్ట ఏమైందని వానిని ప్రేమగా పలకరించారు. పిల్లవాని పిట్ట గురించి అడగడానికి ఆయనకు తీరిక దొరికింది. మన పిల్లవాడు పెంచే కుందేలు పేరు మనకు తెలుసా?

హజ్రత్ హన్జలా (రజి) ఒకసారి కలవరపడుతూ వచ్చారు. ప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గ నరకాలు కళ్లెదుట కనిపిస్తాయని, ఇంటికి వెళ్లి భార్యాబిడ్డలతో కలవగానే ఆ స్థితి నిలవడం లేదని, ఇది కాపట్యమేమోనని భయపడ్డారు. ప్రవక్త (స) ఆయనను ఓదార్చారు. మనసుకు దేని వేళ దానికి ఉంటుందని తెలిపారు. ఇంట్లో పిల్లలతో నవ్విన విశ్వాసి తన విశ్వాసాన్ని పోగొట్టుకోడు.

దూరం అక్కరలేదు, ఖర్చు అక్కరలేదు

“విహారానికి డబ్బెక్కడిది?” అని కొందరు అడుగుతారు. ఊటీకో, గోవాకో వెళ్లనక్కరలేదు. అల్లాహ్ మన చుట్టూనే ఎంతో ఉంచాడు. గోదావరి మన ఊరి పక్కనే పారుతోంది. ఎల్లంపల్లి దగ్గర నిండిన జలాశయాన్ని సాయంత్రం గట్టు మీద నిలబడి చూడవచ్చు. వానాకాలంలో సబ్బితం జలపాతం ఉంది. కాకతీయుల కాలం నుంచి నిలిచి, మూలికలకు పేరుగాంచిన రామగిరి ఖిల్లా ఉంది. కాస్త దూరమైతే మానేరు ఒడ్డున ఎల్గందల్ కోట, అక్కడి దో మినార్ ఉన్నాయి. కరీంనగర్‌కు ఆ పేరు ఎల్గందల్ ఖిల్లాదారు సయ్యద్ కరీముద్దీన్ వల్ల వచ్చిందని చెబుతారు. ఈ మాట పిల్లలకు ఆ కోట మెట్ల మీద చెబితే జీవితాంతం గుర్తుంటుంది. అంతదూరం వీలుకాకపోతే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఫజర్ తరువాత కొడుకుతో నాలుగు చుట్లు నడవండి. వెంట తీసుకుపోవడానికి ఇంట్లో వండిన బగారా అన్నం, ఉడికించిన గుడ్లు, నాలుగు మక్కకంకులు చాలు.

భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ మనల్ని పిలుస్తోంది. ఈ విషయంలో గని కార్మికుని బిడ్డలు అదృష్టవంతులు. మనం తవ్వే బొగ్గు ఒకప్పటి అడవి. పాతిక కోట్ల ఏళ్లకు పూర్వం చిత్తడి నేలల్లో పెరిగిన చెట్లు కూలి, మట్టి కింద అణగి, వేడికీ ఒత్తిడికీ బొగ్గయ్యాయి. బొగ్గు పొరల మధ్య వచ్చే రాళ్లపై గ్లాసోప్టెరిస్ అనే ఆనాటి మొక్క ఆకుల అచ్చులు ఈనె ఈనెతో సహా కనిపిస్తాయి. ఈ సంగతి పుస్తకంలో చదివిన దానికీ, ఆ బొగ్గును చేత్తో తాకిన తండ్రి గోదావరి ఒడ్డున కూర్చుని చెప్పినదానికీ తేడా ఉంది. తండ్రి రోజూ ఎక్కడికి వెళ్తాడో, చీకట్లో ఏం చేస్తాడో బిడ్డకు తెలిసేది అక్కడే. కొడుకు మనసులో ఏముందో తండ్రికి తెలిసేదీ అక్కడే.

ఇంటి నుంచి కదలలేని వారికి ఇంట్లోనే వ్యాపకం ఉంది. క్వార్టర్ వెనుక గజం జాగాలో బీర పాదు, మునగ చెట్టు పెంచే సోదరులు మనలో ఎందరో. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషిగాని, పశువుగాని, పక్షిగాని తింటే అది అతనికి దానంగా లిఖించబడుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ పాదుకు నీళ్లు పోసే పని బిడ్డతో కలిసి చేయండి. మిత్రులతో వాలీబాల్ ఆడండి. పక్క క్వార్టర్‌లోని హిందూ సోదరుని కుటుంబాన్ని కూడా మీతో రమ్మనండి. గనిలో ఒకే కప్పు కింద ఒకరి ప్రాణానికి ఒకరు కాపలాగా ఉన్నవారు ఒకే చెట్టు కింద కూర్చుని తినడంలో వింతేముంది? పొరుగువాని హక్కు కూడా హక్కే.

ఆమెకు ప్లే డే ఎప్పుడు?

మూడు షిఫ్టుల ఇంటిలో అన్ని షిఫ్టులకూ మేల్కొనే మనిషి ఒకరే. మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే డబ్బా కట్టేది, రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన వానికి పగలు నిద్ర చెడకుండా పిల్లలను సముదాయించేది ఇల్లాలే. ఆమెకు మస్టరు లేదు, రెట్టింపు వేతనం లేదు, వారపు సెలవు అసలే లేదు. విహారానికి వెళ్లి అక్కడ కూడా పొయ్యి ఆమె ముందే పెడితే అది ఆమెకు మరో డ్యూటీ మాత్రమే. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. కనుక ఆ ఒక్కరోజు ఉల్లిగడ్డ మనం కోద్దాం, గిన్నెలు మనం కడుగుదాం. ముసలి తల్లిదండ్రులను ఇంట్లో కాపలా ఉంచి వెళ్లకుండా, మెల్లగానైనా వెంట తీసుకువెళదాం.

హద్దులు మరువరాదు

ధర్మసమ్మతమైన ఉల్లాసానికి హద్దులు ఉన్నాయి. మొదటిది నమాజు. చాప వెంట తీసుకువెళ్లండి, ఖిబ్లా దిశ ముందే చూసుకోండి. రామగిరి, సబ్బితం, ఎల్లంపల్లి వంటి దగ్గరి ప్రయాణాలలో ఖస్ర్ వర్తించదు. హనఫీ ఉలమాల లెక్కలో ఆ దూరం సుమారు 78 కిలోమీటర్లు. కాబట్టి నమాజు పూర్తిగానే చేయాలి. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని నాయకునిగా ఎంచుకోవాలని హదీసు బోధిస్తోంది. మా సలహా ఏమిటంటే, అప్పుడప్పుడు ఆ బాధ్యతను ఇంట్లోని యువకునికి అప్పగించండి. నేర్చుకుంటాడు.

రెండవది ప్రాణ రక్షణ. గోదావరి పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. అడుగున గుంతలు, ప్రవాహం కనిపించవు. ప్రాజెక్టు గేట్లు ఎత్తితే నీరు హఠాత్తుగా పెరుగుతుంది. ఒడ్డున కూర్చోవచ్చు, పిల్లలను నీటిలోకి దించరాదు. చేజేతులా వినాశంలో పడవద్దన్నది అల్లాహ్ ఆజ్ఞ. మూడవది పరిశుభ్రత. దారినీ, నీడనూ మలినం చేసేవారు శాపానికి గురవుతారని ప్రవక్త (స) హెచ్చరించారు. మనం కూర్చున్న చెట్టు కింద ప్లాస్టిక్ విస్తరి మిగలకూడదు. నాలుగవది, మద్యం, జూదం ఉన్న సభలకు దూరంగా ఉండటం. సెలవునాటి డబ్బును పేకాట బల్ల మీద పెట్టిన వాడు ఇంటివారి రోజునూ, రొట్టెనూ రెండింటినీ దోచినవాడే. ఐదవది ఆడంబరం. అప్పుచేసి విహరించడం, ఫోటోల కోసమే నవ్వడం మనకు తగవు.

ఆదివారం సెలవు లేని దుకాణదారులు, ఆటో నడిపే సోదరులు, షిఫ్టు మారని కార్మికులు నిరాశ చెందనక్కరలేదు. అసర్ నుంచి మగ్రిబ్ దాకా దొరికే ఒక్క గంటైనా ఫోన్ పక్కన పెట్టి పిల్లలకు ఇవ్వండి. నిలకడగా చేసే పని చిన్నదైనా అల్లాహ్‌కు ప్రీతికరం.

చివరిగా ఒక మాట. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు సోమవారం. ముందురోజు ఆదివారం. వారి కుటుంబాలకు అల్లాహ్ ఓర్పునిచ్చుగాక! గనిలోకి దిగే మనిషికి, అతణ్ని సాగనంపే ఇంటికి, ప్రతి ఆదివారం విలువ ఎంతో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? అందుకే దాన్ని తేలికగా వదులుకోకండి.

మొదట చెప్పిన పెద్దమనిషికి మేము చివరకు ఇలా చెప్పాము: “మీరు పాపం చేయలేదు. ఒక బాకీ మిగిలింది. కొడుకులకు తీర్చలేనిది మనుమలకు తీర్చండి.” వేసవి సెలవుల్లో మనుమడు వచ్చినప్పుడు రోజూ పొద్దున్నే స్టేడియానికి తీసుకువెళ్లారు. పెరట్లో ఇద్దరూ కలిసి సొర గింజలు పెట్టారు. మొన్న నవ్వుతూ వచ్చి చెప్పారు: ఇప్పుడు ఫోన్ వస్తే పిల్లవాడు ముందు దాదాకే ఇవ్వమంటున్నాడట. సొరతీగ ఎంత పాకిందో చెప్పాలట. ఆ వెనుక కొడుకు కూడా కాసేపు మాట్లాడుతున్నాడట.

అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని, మన తీరికలో మేలును ప్రసాదించుగాక! మన భార్యాబిడ్డలను మన కళ్లకు చలువగా చేయుగాక! గనుల్లో పనిచేసే ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఇల్లు చేర్చుగాక! ఆమీన్.